మూసీ వంతెన కూల్చిండ్రు, కాపలా మరిచిండ్రు

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. యూరియా లైన్ల నిలబడ్డప్పుడో, రాత్రి అన్నం తిన్నాకనో తీరిక చూసుకుని చదువుండ్రి.

2025 మే నెలలో పాకిస్తాన్‌తో నాలుగు రోజులు యుద్ధం నడిచినప్పుడు మన ఊళ్లలో ప్రతి హోటల్ బల్ల మీద ఒక జనరల్ కూసున్నడు. "ఇంకో రెండు రోజులు ఆగితే లాహోర్ మనదే" అని ఒకరు, "అమెరికా చెప్తే ఆపేసిండ్రు" అని ఇంకొకరు. టీవీలల్ల అయితే అడగొద్దు, కరాచీ రేవు ఒక్క రాత్రిలో తగలబడిపోయిందన్నరు, తెల్లారితే అక్కడే ఉన్నది. ఇంత చర్చ జరిగింది గాని, మన మునగాల రోడ్డు మీదనే ఐదు రోజుల యుద్ధం ఒకటి నడిచిందనీ, అందులో ఇవ్వాళ్టికి పనికొచ్చే పాఠాలున్నయనీ ఎవరూ మాట్లాడలే.

నేను చెప్పేది 1948 సెప్టెంబర్ సంగతి. ఆపరేషన్ పోలో అంటరు, మన పెద్దోళ్లు పోలీసు చర్య అనేటోళ్లు. పోలీసులు చేసింది కాదది. ట్యాంకులు, విమానాలు, ఫిరంగులతో సైన్యం చేసింది. ఒక దిక్కు ఏడాది కిందనే స్వాతంత్ర్యం వచ్చిన భారతదేశం. ఇంకో దిక్కు "మాదీ వేరే దేశమే" అని కూసున్న నిజాం రాజ్యం.

మునగాల కథ ఇందులో చిత్రమైనది. ఇవ్వాళ మనం సూర్యాపేట జిల్లా, అంతకుముందు నల్గొండ జిల్లా. 1948లో మాత్రం మునగాల పరగణా కృష్ణా జిల్లా కింద, మద్రాసు రాష్ట్రంలో ఉండేది. చుట్టూ నిజాం నేల, నడుమ మనం. చెరువు నడిమిట్ల దిబ్బ ఉంటది చూడు, అట్లనన్నట్టు. ఇటు కోదాడ నిజాంది, అటు సూర్యాపేట నిజాంది, మధ్యలో మునగాల భారత యూనియన్‌ది. మన నేలకు మన దేశం నుంచి రావాలంటే పరాయి రాజ్యం దాటి రావాలె. సరిహద్దు అంటే ఎక్కడో కాశ్మీర్‌లో ఉంటదనుకుంటం గాని, మన తాతలకు అది పొలం గట్టు అవతలనే ఉండేది.

1947 నవంబర్ 29న నిజాంకు, భారత ప్రభుత్వానికి ఒక ఒప్పందం అయింది. ఏడాది పాటు ఎట్లున్నది అట్లనే ఉండాలని దాని సారాంశం. ఆ ఏడాదిలో ఇద్దరూ యుద్ధానికి సిద్ధమైండ్రు, కానీ సిద్ధమైన తీరులోనే తేడా ఉన్నది. నిజాం దిక్కు ఖాసిం రజ్వీ రజాకార్లను పోగేసి, ఎర్రకోట మీద అసఫ్‌జాహీ జెండా ఎగరేస్తమని ఉపన్యాసాలిచ్చిండు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిళ్లు విమానాల్లో ఆయుధాలు తెచ్చి దించిండు. ఇటు భారత సైన్యం చప్పుడు లేకుంట ఒక పథకం గీసుకున్నది. సదరన్ కమాండ్‌లో ఉన్న జనరల్ గొడార్డ్ వేసిన ప్లాన్ అది. పడమర నుంచి షోలాపూర్ దారిన ఒక పెద్ద దండు, తూర్పు నుంచి బెజవాడ దారిన ఇంకో దండు, చిన్న దండ్లు ఇంకొన్ని దిక్కుల నుంచి. షోలాపూర్ దండుకు మేజర్ జనరల్ చౌదరి, బెజవాడ దండుకు మేజర్ జనరల్ రుద్ర. ఆ బెజవాడ దారే మన రోడ్డు. ఇవ్వాళ నేషనల్ హైవే 65 అంటున్నం.

1948 సెప్టెంబర్ 13 తెల్లవారుజామున మొదలైంది. తూర్పు దండుకు నిజాం సాయుధ కార్ల దళాలు ఎదురు నిలిచినయి. వాటిని తోసుకుంట పొద్దున ఎనిమిదిన్నరకు కోదాడ చేరింది. మునగాలకు వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. ఇవ్వాళ బైక్ మీద పోతే చాయ తాగినంత సేపట్లో దాటే దూరానికి ఆ రోజు ఆరున్నర గంటలు పట్టింది. మర్నాడు, 14న, సూర్యాపేట ఇంకో ఆరు కిలోమీటర్లు ఉందనంగ ట్యాంకులు దాటకుండా తవ్విన కందకం ఎదురైంది. పక్కన గుట్టల మీద నిజాం సైనికులు మాటు వేసి కాల్పులు మొదలుపెట్టిండ్రు. దండు నెమ్మదించింది. బర్మా యుద్ధంలో రాటుదేలిన గూర్ఖా సైనికులు ఆ గుట్టలెక్కి కొట్లాడితే గాని దారి తెరుచుకోలే. 15న విమానాలు బాంబులేసినంక సూర్యాపేట చేతికొచ్చింది. వెనక్కి పోతున్న నిజాం దండు పోతూ పోతూ మూసీ వంతెన కూల్చింది. అయితే కూల్చిన వంతెన దగ్గర కాల్పులు జరపడానికి మనుషులను ఉంచలే. ఇంజనీర్లు తాపీగా బాగు చేసుకున్నరు, దండు దాటిపోయింది. 17 సాయంత్రం నిజాం రేడియోలో యుద్ధం ఆపేస్తున్నట్టు ప్రకటించిండు. 18న ఆయన సేనాపతి ఎల్ ఎద్రూస్ జనరల్ చౌదరికి లొంగిపోయిండు.

ఇగ పాఠాల దగ్గరికొద్దాం.

మొదటిది వంతెన పాఠం. అదే రోడ్డు, అదే సైన్యం, ఒక్క రోజు తేడా. కందకం దగ్గర గుట్ట మీద తుపాకులున్నయి, అందుకే అది దండును ఆపింది. మూసీ దగ్గర అంత పెద్ద వంతెనే కూలిపోయింది, గట్టున తుపాకీ లేదు, అందుకే అది ఆపలే. సైన్యంలో దీన్ని మొదటి పాఠంలనే చెప్తరట, అడ్డంకి ఎంత పెద్దదైనా దాని మీద తుపాకీ చూపు లేకపోతే అది అడ్డంకి కాదని. మనకు దీన్ని ఎవరూ చెప్పక్కర్లేదు. మక్క చేనుకు కంచె కట్టి ఇంటికొచ్చి పండుకుంటే అడవి పందులు ఏం చేస్తయో మనకెరికే. కంచె పందిని ఆపదు, కాసేపు ఆలస్యం చేస్తది. ఆ కాసేపట్లో మంచె మీదున్నోడు లేచి డబ్బా కొట్టాలె. మంచె మీద మనిషి లేకుంటే ఆ కంచెకు పెట్టిన పైసలు దండుగ.

"కాపలా పెట్టినా నిజాం ఓడిపోయేటోడే గదా" అని కొందరంటరు. నిజమే, గెలిచేటోడు కాదు. కానీ ఆయన ఆశ గెలుపు మీద లేదు, ఆలస్యం మీద ఉన్నది. ఆగస్టులోనే ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు పెట్టిండ్రు. భద్రతా మండలి ఆ ఫిర్యాదును ప్యారిస్‌లో మొదటిసారి చర్చకు తీసుకున్నది సెప్టెంబర్ 16న. మళ్ళా కూసునేసరికి 20వ తేదీ, ఇక్కడ యుద్ధమే అయిపోయింది. అంటే నిజాంకు కావాల్సింది రోజులు. ఆ రోజులు సంపాదించి పెట్టే చోట్లలో మూసీ ఒకటి. దాన్ని వంతెన కూల్చి వదిలేసి పోయిండ్రు. చిన్న యుద్ధాలన్నీ ఇట్లనే గడియారంతో జరిగే యుద్ధాలు. బయటి దేశాలు వచ్చి చెయ్యి పట్టుకునే లోపల ఎవరి పని వాళ్లు చేసుకోవాలె. 2025 మేలో జరిగింది కూడా అదే. 7వ తేదీ అర్ధరాత్రి దాటినంక తొమ్మిది ఉగ్రవాద స్థావరాల మీద దాడి, 10వ తేదీ పొద్దటి లోపల వాళ్ల వైమానిక స్థావరాల మీద దెబ్బ, ఆ సాయంత్రం ఐదు గంటలకు కాల్పుల విరమణ. గడియారం చూసుకుంట చేసిన పని అది.

రెండోది, తల లెక్క వేరు, బలం లెక్క వేరు. రజాకార్లు రెండు లక్షలని చెప్పుకునేటోళ్లు. నిజాం సైన్యం ఇరవై వేలు దాటినా, పూర్తి శిక్షణ, పూర్తి ఆయుధాలు ఉన్నోళ్లు ఆరు వేల మందే అని లెక్కలు చెప్తయి. నిరాయుధంగా ఉన్న ఊరి మీద పడి దోచుకున్నంత సులువు కాదు, ఎదురుగ ట్యాంకు వచ్చినప్పుడు నిలబడుడు. ఐదు రోజుల్లో చెదిరిపోయిండ్రు. కరాచీ నుంచి విమానాల్లో తెచ్చిన తుపాకులు ఎందుకు కాపాడలే? తుపాకీ కొంటే దొరుకుతది, దాన్ని పట్టి చెదరకుండా వెనక్కి తగ్గడం, పోతూ పోతూ వంతెన దగ్గర పదిమందిని నిలబెట్టి పోవడం, ఇవి కొంటే దొరకవు. ఏండ్ల తరబడి నేర్పితే వస్తయి. ట్రాక్టర్ షోరూమ్‌లో ఎవరైనా కొంటరు, దమ్ము చేయడం మాత్రం షోరూమోడు ఇయ్యడు గదా.

మే నెల యుద్ధంలో నాకు బాగా నచ్చిన సంగతి ఇక్కడే చెప్తా. 8వ తేదీ రాత్రి పాకిస్తాన్ మూడు, నాలుగు వందల డ్రోన్లను 36 చోట్ల మీదికి పంపిందని సైన్యం చెప్పింది. ఒక్కో డ్రోన్‌కు ఒక్కో ఖరీదైన మిసైల్ కొట్టుకుంట పోతే మన ఖజానా ఖాళీ. పురుగు తినే నష్టం కంటే మందు ఖర్చు ఎక్కువైతే కొట్టొద్దని వ్యవసాయాధికారులు మనకు చెప్తరు గదా, ఇదీ అదే లెక్క. మన సైన్యం ఆ డ్రోన్ల మీదికి ఎల్-70, షిల్కా లాంటి పాత ఫిరంగులను వాడింది. దశాబ్దాల కిందటి నమూనాలు, కొత్త కళ్లు పెట్టి బాగు చేసినయి. పెద్ద మిసైళ్లను పెద్ద ముప్పు కోసం దాచుకున్నది. వాటిలో ఒకటైన ఆకాశ్‌ను తయారు చేసేది మన హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్. ఇవన్నీ ఒకదానికొకటి తీగలతో కలిపి, ఎవరు ఏది చూసినా అందరికీ కనపడేటట్టు చేసిండ్రు. కంచె ఒక్కటే కాదు, మంచె మీద మనిషి కూడా ఉన్నడన్నట్టు. మూసీ దగ్గర లేనిది ఇదే.

మన దిక్కు అంతా సాఫీగా జరిగిందని కూడా నేనంటలే. మొదటి రోజు యుద్ధ విమానాలు నష్టపోయినమని త్రివిధ దళాల అధిపతి జనరల్ అనిల్ చౌహాన్ మే 31న సింగపూర్‌లో ఒప్పుకున్నరు. ఎన్ని పోయినయి అనేదానికంటే ఎందుకు పోయినయి అనేదే ముఖ్యమనీ, తప్పు తెలుసుకుని దిద్దుకుని రెండు రోజుల్లో మళ్ళా ఎగిరినమనీ చెప్పిండ్రు. కొందరికి ఆ మాట నచ్చలే. నాకు మాత్రం అది బలంగనే కనపడ్డది. పంట పోయిన రైతు "విత్తనం మంచిదే, వాన కూడా మంచిగనే పడ్డది" అనుకుంట కూసుంటే వచ్చే ఏడు కూడా పోతది.

మూడో పాఠం, అన్నిటికంటే పెద్దది. సైన్యం వెనక ఊళ్లు ఉండాలె. 1948 నాటికి నిజాం వెనక నల్గొండ జిల్లా ఊళ్లు లేవు. 1946 జూలైలో కడివెండిలో దొడ్డి కొమురయ్యను కాల్చి చంపిననాటి నుంచి ఊరూరా రైతులు తిరగబడి ఉన్నరు. వెట్టి, నాగులు, దొరల గడీలు, ఆ బాధ మన ఇండ్లల్ల కథలు కథలుగా ఉన్నది. బైరాన్‌పల్లిలో జనం బురుజు మీద కాపలా పెట్టుకుని రజాకార్లను తిప్పికొట్టిండ్రు. చివరికి 1948 ఆగస్టు 27న పెద్ద బలగం వచ్చి ఊరి మీద పడి పదుల మందిని చంపింది. ఆ తర్వాత మూడు వారాలకే నిజాం పని అయిపోయింది. సొంత ఊళ్లనే శత్రువులుగా చూసిన రాజ్యానికి, పరాయి దండు రోడ్డు మీద వస్తున్నప్పుడు అడ్డం నిలబడేది ఎవరు? వంతెనకు కాపలా లేకపోవడం సేనాపతి తప్పు కావచ్చు. రాజ్యానికే కాపలా లేకపోవడం మాత్రం రాజు చేసుకున్నది.

నాలుగో పాఠం గెలిచినోళ్లకు. ఇది చెప్తే కొందరికి కోపం వస్తది, అయినా చెప్పాలె. ఐదు రోజుల యుద్ధానికి ఐదు దిక్కుల నుంచి ప్లాన్ ఉన్నది గాని, ఆరో రోజుకు ప్లాన్ లేదు. యుద్ధం నడుస్తున్నప్పుడు, అయిపోయినంక ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో వేల మంది ముస్లింలను చంపిండ్రు. రజాకార్లు చేసిన పాపానికి రజాకార్లతో సంబంధం లేని కూలోళ్లు, కమతగాళ్లు కూడా బలైండ్రు. ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ చనిపోయినోళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటరని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనానికి అందకుండా ఉండిపోయింది. యుద్ధంలో చనిపోయిన భారత సైనికులు వందలోపే. అంటే యుద్ధం తీసుకున్న ప్రాణాల కంటే యుద్ధం నీడలో పోయిన ప్రాణాలు ఎన్నో రెట్లు.

మన దిక్కు ఇంకో తీరు జరిగింది. గడీలు వదిలి పారిపోయిన దొరలు కొందరు సైన్యం వెనకనే ఊళ్లకు తిరిగొచ్చిండ్రు. పంచుకున్న భూములు కొన్నిచోట్ల మళ్ళా గుంజుకున్నరు. కమ్యూనిస్టుల మీద సైన్యం వేట మొదలైంది. నిజాంను ఐదు రోజుల్లో దించిన సైన్యం అదే నల్గొండలో 1951 అక్టోబర్‌లో పోరాటం ఆగేదాకా మూడేండ్లు ఉండాల్సి వచ్చింది. రాజును గెలవడం ఐదు రోజుల పని, భూమి తగాదా తెంపకుండా ఊరిని గెలవడం మూడేండ్లకైనా తెమలని పని. కోత కోసినోడు గెలిచినట్టు కాదు. కల్లంల వడ్లు తడవకుండా పట్టా కప్పి, కాంటా అయి, పైసలు చేతిల పడితే అప్పుడు గెలిచినట్టు. యుద్ధం కూడా అంతే.

మే నెలల కూడా ఆరో రోజు మిగిలే ఉన్నది. పూంచ్ దిక్కు ఫిరంగి గుండ్లకు ఇండ్లు కూలినోళ్లు, మనుషులను పోగొట్టుకున్నోళ్లు ఉన్నరు. పంజాబ్‌లో సరిహద్దు కంచె అవతల పొలాలున్న రైతులు ఏప్రిల్ చివర్లనే ఉరుకులు పరుగుల మీద గోధుమ కోసుకోవాల్సి వచ్చింది. హోటల్ బల్ల మీద లాహోర్ గెలిచేటప్పుడు ఆ రైతు మనకు యాదికి రాడు. వాడూ మనలెక్కనే పట్టాదారు పుస్తకం పట్టుకుని తిరిగేటోడే.

యుద్ధం ఎక్కడిదో కాదు అనడానికి మన జిల్లా చాలు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చైనా సైనికులతో కొట్లాటలో ప్రాణమిచ్చిన కల్నల్ సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ. ఇవ్వాళ సూర్యాపేటలో ఆయన విగ్రహం పక్కనుంచే మనం పోతుంటం. 2025 మే 9న నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో పోయిన అగ్నివీర్ మురళీ నాయక్ శ్రీసత్యసాయి జిల్లా కల్లి తండా పిల్లగాడు. మన తండాల నుంచి, మన ఊళ్ల నుంచి పొద్దున్నే గ్రౌండ్‌లో పరుగు తీసే పిల్లలు రేపు అక్కడ నిలబడేటోళ్లు. అందుకే "ఇంకో రెండు రోజులు కొట్టాల్సింది" అనే ముందు, ఆ రెండు రోజులు ఎవరు నిలబడతరో ఒకసారి ఆలోచించాలె. ఆపాల్సిన చోట ఆపడం కూడా యుద్ధ విద్యలో భాగమే. మీరు సైన్యాన్ని గౌరవిస్తే దాన్ని టీవీ ముందు ఉరికించకండి. దానికి కావాల్సినవి అడగండి. నాలుగేండ్లకే ఇంటికి పంపే అగ్నివీర్ పిల్లగానికి వంతెన దగ్గర నిలబడే అనుభవం ఎప్పుడొస్తది అని అడగండి. మే యుద్ధంలో చైనా ఎప్పటికప్పుడు సమాచారం అందించిందని, ఐదేండ్లలో పాకిస్తాన్‌కు వచ్చిన ఆయుధాల్లో 81 శాతం చైనావేనని మన సైన్యం ఉప అధిపతి జనరల్ రాహుల్ సింగ్ 2025 జూలైలో చెప్పిండ్రు. అంటే ఎదురుగా కనపడే శత్రువు ఒకడు, వెనక ఇంకొకడు. ఆ లెక్కన మన కాపలా ఎంత దూరం చూడాలె అని అడగండి. ఇవి అడిగితే దేశద్రోహం కాదు, దేశం పట్ల బాధ్యత.

ఏటా సెప్టెంబర్ 17 వస్తది. మళ్ళా పేరు మీద పంచాయితీ మొదలైతది. ఒకరు విమోచనం అంటరు, ఒకరు విలీనం అంటరు, ఒకరు సమైక్యత అంటరు, 2024లో ప్రజా పాలన అన్నరు. ఏ పేరైనా పెట్టుకోండ్రి గాని, జెండా కింద నిలబడ్డ పిల్లలకు మన రోడ్డు మీద ఏం జరిగిందో ఒక్కరన్నా చెప్పుండ్రి. కోదాడలో, మునగాలలో, మూసీ గట్టున. 1948లో పదేండ్ల పిల్లగాళ్లు ఇవ్వాళ ఎనభై దాటిన ముసలోళ్లు. ఊరికి ఒక్కరో ఇద్దరో మిగిలి ఉంటరు. ఆ రోజు దండు పోతుంటే మీ ఊళ్లో ఏం చూసిండ్రు, ఎవరు దాక్కున్నరు, ఎవరు ఎదురుపోయిండ్రు, ఎవరు ఎవరిని కాపాడిండ్రు, ఎవరు ఎవరిని చంపిండ్రు, అన్నీ అడుగుండ్రి. నచ్చినవి మాత్రమే కాదు, నచ్చనివి కూడా. మీ ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుండ్రి. వాళ్లు పోతే ఆ సంగతి మళ్ళా దొరకదు.

మీ ఊళ్లో అట్లాంటి పెద్దమనుషులు ఉంటే ఊరి పేరు కింద రాయుండ్రి. వరి పొట్టకు రాకముందే వీలు చూసుకుని పోయి కూసుని విందాం.